బడ్స్ పిల్లలవి, బాక్సులు పెద్దలవి

2023లో ఆంధ్రప్రదేశ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక కబురు తెగ తిరిగింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బండి నడిపితే రూ.20 వేలు జరిమానా వేస్తారట! చివరికి రవాణా శాఖ ముందుకొచ్చి, అలాంటి కొత్త జరిమానా ఏదీ పెట్టలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. పుకారు పోయింది గానీ, అంత సులువుగా జనం దాన్ని ఎలా నమ్మారన్నది ఆలోచించదగ్గ సంగతి. చెవిలో బడ్స్ పెట్టుకున్న కుర్రాణ్ణి చూస్తే పెద్దవాళ్లకు ముందే ఒళ్లుమంట. పిలిస్తే పలకడు, అన్నానికి రమ్మంటే రాడు, వెనకాల లారీ హారన్ కొడుతున్నా తప్పుకోడు. వాడికెవరో బుద్ధి చెబుతున్నారంటే అది నిజమో కాదో విచారించే ఓపిక ఎవరికుంటుంది?

ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే సగమే ఉంది. గోదావరి జిల్లాల కుర్రకారు చెవులకు వచ్చిపడుతున్న ముప్పులో పెద్దల వాటా పిల్లల వాటా కంటే ఏమాత్రం తక్కువ కాదు.

ముందు పిల్లల వాటా చూద్దాం. 1979లో సోనీ కంపెనీ వాక్‌మన్‌ను తెచ్చినప్పటి నుంచీ చెవిలో పాట పెట్టుకోవడం ఉన్నదే. అయితే క్యాసెట్టు ఒక పక్క అరగంటకో ముప్పావుగంటకో అయిపోయేది. తీసి తిప్పి పెట్టాలి. బ్యాటరీలు నీరసిస్తే పాట సాగదీసుకుని ఏడ్చేది. ఎవరూ చెప్పకుండానే చెవికి విరామం దొరికేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను కారుచవక చేసింది. 2020 లాక్‌డౌన్లో బడే ఇయర్‌ఫోన్లోకి వచ్చేసింది. వెయ్యి రూపాయల లోపే బ్లూటూత్ నెక్‌బ్యాండ్ దొరకడం మొదలయ్యాక విరామం అన్నదే లేకుండా పోయింది. పొద్దున కాలేజీ బస్సులో పాటలు, మధ్యాహ్నం ఎప్‌సెట్ వీడియో పాఠాలు, సాయంత్రం ఐపీఎల్, రాత్రి రీల్స్, నిద్ర పట్టడానికి మళ్లీ పాటలు. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. భీమవరంలోనో రాజమండ్రిలోనో ఇంట్లో కూర్చుని అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకైతే హెడ్‌సెట్ ఉద్యోగంలో భాగం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక అంచనా చెప్పింది. 12 నుంచి 35 ఏళ్ల లోపు వారిలో వంద కోట్ల మందికి పైగా, గట్టి సంగీతాన్ని, ఇతర వినోద శబ్దాలను అతిగా వినడం వల్ల వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉన్నారని. అంకె పెద్దది కాబట్టి చదివి పక్కన పెట్టేయడం సులువు. దానికంటే చిన్న లెక్కలే భయపెడతాయి.

శబ్దాన్ని కొలిచే డెసిబెల్‌తో ఒక చిక్కుంది. 80 తర్వాత 83 అంటే మూడు మార్కులే పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి చెవి మీద పడే శక్తి రెట్టింపవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు వినొచ్చు. పిల్లలకైతే అదే 40 గంటలకు 75 డెసిబెల్సే. ఇప్పుడు పెద్దవాళ్ల లెక్కే తీసుకుని మూడేసి డెసిబెల్స్ పెంచుకుంటూ పోతే గడువు ప్రతిసారీ సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5, 92 దగ్గర రెండున్నర. 101 దగ్గరికి వచ్చేసరికి వారం మొత్తానికి 19 నిమిషాలు. రోజుకు కాదు, వారానికి. చాలా ఫోన్లలో వాల్యూమ్‌ను చివరిదాకా లాగితే వచ్చేది ఇంచుమించు ఆ వంద దరిదాపుల శబ్దమే.

పాలకొల్లు, తణుకు, అమలాపురం వైపు నుంచి ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లే పిల్లవాడికి బస్సులో పోనూ గంట, రానూ గంట అనుకుందాం. వారానికి ఆరు రోజులంటే 12 గంటలు. ఆ ప్రయాణమంతా 89 డెసిబెల్స్‌లో విన్నా, ఐదు గంటల కోటా బుధవారం పొద్దుటికే అయిపోతుంది. ఇక వీడియో పాఠాలు, రీల్స్ అన్నీ అప్పు మీద వింటున్నట్టే. ఆ అప్పును తీర్చే దారి మాత్రం లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే లోపలి చెవిలోకి వెళ్లాలి. నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో పుట్టుకతో వచ్చే రోమకణాలు ఒక్కో చెవికి దాదాపు 15 వేలు. శబ్దతరంగానికి వాటి తల మీది నూగు వంగి, లేచి, ఆ కదలికను నాడికి అందిస్తుంది. కోతకొచ్చిన వరి చేను మీద గాలి కొట్టినప్పుడు ఏమవుతుందో డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. ఒక గాలికి వంగిన చేను తెల్లారేసరికి లేస్తుంది. గాలి మీద గాలి పడితే చేను నేలకు కరుచుకుని అక్కడే మొలకెత్తి పోతుంది. డీజే దగ్గర నిలబడి ఇంటికొచ్చాక చెవులు దిబ్బడేసి, గుయ్‌మని మోగి, పొద్దున్నకి సర్దుకున్నాయంటే అది లేచిన చేను. సర్దుకుంది కదా అని ధీమా పడటానికీ లేదు. 2009లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు షారన్ కుజావా, చార్లెస్ లీబర్‌మన్ ఎలుకల మీద చేసిన పరిశోధనలో, పైకి వినికిడి మామూలుగా తిరిగొచ్చిన తర్వాత కూడా రోమకణాలకూ నాడికీ మధ్య ఉండే అతుకుల్లో చాలా భాగం శాశ్వతంగా తెగిపోయి ఉందని తేలింది.

మనిషిలో చచ్చిన రోమకణం మళ్లీ పుట్టదు. కోడిలో పుడుతుంది! 1988లో 'సైన్స్' పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకటి కోడిపిల్లల మీద, ఇంకొకటి కౌజు పిట్టల మీద. పెద్ద శబ్దానికి వాటి చెవిలో దెబ్బతిన్న రోమకణాల స్థానంలో కొత్తవి మొలిచినట్టు రెండూ చూపించాయి. పక్షికి ఉన్న ఆ వరం మనిషికి తెప్పించాలని ప్రపంచమంతటా ప్రయోగశాలలు అప్పటి నుంచీ తంటాలు పడుతూనే ఉన్నాయి. అంటే అనపర్తి, తణుకు ఫారాల్లో ఉన్న లక్షల కోళ్లకు చెవి పోయినా తిరిగొస్తుంది. సంక్రాంతికి బరిలో దిగే డేగకూ, నెమలికీ, కాకికీ తిరిగొస్తుంది, కత్తి దెబ్బకు బతికితే. బరి పక్కన సౌండ్ బాక్సులకు ఆనుకుని నిలబడ్డవాడికి మాత్రం రాదు.

వినికిడి పోతున్న సంగతి ముందుగా తెలియదు. శబ్దం వల్ల వచ్చే నష్టం సాధారణంగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. తెలుగు మాటల్లో అచ్చుల బలం దానికంటే కింది స్థాయిల్లో ఉంటుంది కాబట్టి మాట వినపడుతూనే ఉంటుంది. స, శ, ష, చ లాంటివి మసకబారతాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఇబ్బంది లేదు. కల్యాణమండపంలో, హాస్టల్ మెస్‌లో, నలుగురు ఒకేసారి మాట్లాడేచోట మాత్రం "ఆఁ? ఏంటీ?" అనడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పరధ్యానం అనుకుంటారు, క్లాసులో శ్రద్ధ లేదనుకుంటారు. అసలు సంగతి బయటపడేది చాలామందికి ఉద్యోగం వేళ. సైన్యంలో చేరదామని పొద్దున్నే పరుగు తీసే కుర్రాళ్లు డెల్టా ఊళ్లలో కొల్లలు. ఆ వైద్య పరీక్షలో 610 సెంటీమీటర్ల దూరం నుంచి గుసగుసగా పలికిన మాటను ఒక్కో చెవితో విడివిడిగా పట్టుకోవాలి. రైలు నడిపే ఉద్యోగానికీ వినికిడి పరీక్ష ఉంది. ఏళ్ల తరబడి దండీలు తీసి, గుంజీలు తీసి పెంచుకున్న ఒళ్లు చెవి దగ్గర ఆగిపోవచ్చు.

ఇంతవరకూ చదివిన తండ్రులకు కొడుకు చెవిలోంచి బడ్స్ పీకేయాలనిపించడం సహజం. అక్కడే కాస్త ఆగాలి. కుర్రాడు వాల్యూమ్ ఎందుకు పెంచుతున్నాడు?

2006లో అమెరికాలో బ్రయన్ ఫ్లిగర్, టెర్రీ ఐవ్స్ అనే ఇద్దరు శ్రవణ నిపుణులు 100 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినమంటే 85 డెసిబెల్స్ దాటి పెట్టుకున్నవాళ్లు 6 శాతం. అదే గదిలో విమానం లోపలి హోరును వినిపిస్తూ వినమంటే, మామూలు ఇయర్‌ఫోన్లు ఉన్నవాళ్లలో 80 శాతం ఆ గీత దాటారు. బయటి చప్పుడును అడ్డుకునే రకం ఇయర్‌ఫోన్లు ఇస్తే అది 20 శాతానికి పడిపోయింది. మనుషులు వాళ్లే, పాటల మీద ఇష్టమూ మారలేదు. మారింది చుట్టూ ఉన్న చప్పుడు. పిల్లలకు పాట గట్టిగా వినాలన్న యావ కంటే, పాట వినపడాలన్న అవసరమే ఎక్కువన్నమాట.

ఇప్పుడు డెల్టాలో చుట్టూ ఉన్న చప్పుడెంత? రాజమండ్రిలో మోరంపూడి కూడలిలో, దేవీచౌక్‌లో సాయంత్రం పూట బస్సుల ఎయిర్ హారన్లు. పాత కాలేజీ బస్సులో ఇంజిన్ పక్క సీటు. ఆ సీటులో కూర్చుంటే 80 డెసిబెల్స్ హోరు వింతేమీ కాదు, పాట దాని నెత్తి మీద ఎక్కి కూర్చోవాలి. ఉండి, ఆకివీడు వైపు చెరువుల మీద రాత్రంతా తిరిగే ఏరియేటర్లు, కరెంటు పోతే వాటి కోసం వేసే డీజిల్ జనరేటర్లు. చెరువు కాపలా కుర్రాడికి తెల్లవార్లూ తోడు ఫోనే. కోత మిషన్, ట్రాక్టర్ నడిపేవాడు ఇంజిన్ రొద భరించలేక చెవిలో పాట పెట్టుకుంటాడు. ఇంజిన్ మోతకు పైన పాట మోత. ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలకు మించి కార్మికుణ్ణి ఉంచకూడదు. పొలం ఫ్యాక్టరీ కిందకు రాదు కాబట్టి ఆ కుర్రాడి చెవులు ఏ ఇన్‌స్పెక్టర్ లెక్కలోనూ ఉండవు.

వీటన్నిటికీ మించినది ఇంకొకటుంది. అది పెద్దలు డబ్బిచ్చి తెప్పించుకునేది.

2022 నవంబరులో 'బీఎంజే గ్లోబల్ హెల్త్' పత్రికలో వచ్చిన విశ్లేషణ ఒకటి ఉంది. వంద కోట్ల అంకెకు బలం చేకూర్చినది అదే. 33 అధ్యయనాలు, 19 వేల మందికి పైగా యువత. అందులో పత్రికలన్నీ ఇయర్‌ఫోన్ల సంగతి రాసి, దాని పక్కనే ఉన్న అంకెను పెద్దగా పట్టించుకోలేదు. ఇయర్‌ఫోన్లను ప్రమాదకర స్థాయిలో వాడుతున్నవారు దాదాపు 24 శాతం ఉంటే, క్లబ్బులు, కచేరీల వంటి చోట్ల ప్రమాదకర శబ్దానికి గురవుతున్నవారు 48 శాతం. రెట్టింపు! పాశ్చాత్య దేశాల్లో అది నైట్‌క్లబ్. కోనసీమలో నైట్‌క్లబ్‌లు లేవు. ట్రాక్టర్ ట్రక్కు మీద నిలువెత్తున కట్టిన సౌండ్ బాక్సులున్నాయి.

పెళ్లికి సంగీత్, పెళ్లికొడుకు ఊరేగింపు, ఓణీల ఫంక్షను, వినాయక నిమజ్జనం, అమ్మవారి జాతర, నాయకుడి పుట్టినరోజు, సంక్రాంతి మూడు రోజులు. డీజే లేకపోతే పరువు తక్కువ. ఎదుటి వీధి వాళ్లు ఎనిమిది బాక్సులు కట్టిస్తే ఈ వీధి వాళ్లు పన్నెండు కట్టించాలి. ఆ బాక్సుల ముందు 100 డెసిబెల్స్ దాటడం మామూలే. వారానికి చెవికి దక్కాల్సిన మొత్తం కోటా అక్కడ పావుగంట, ఇరవై నిమిషాల్లో చెల్లిపోతుంది. ఊరేగింపు సాగేది నాలుగు గంటలు. తండ్రి భుజాల మీద నిద్రమత్తులో జోగుతున్న మూడేళ్ల పిల్ల ఆ నాలుగు గంటలూ బాక్సులకు ఎదురుగానే ఉంటుంది. ఆ పిల్లకు బడ్స్ లేవు, ఫోన్ లేదు. మరి ఆ చెవుల పాపం ఎవరి ఖాతాలో రాయాలి?

పాత రోజులన్నీ నిశ్శబ్దంగా గడిచాయని ఎవరూ అనడం లేదు. జాతరలో గరగలకు వాయించే డప్పులూ, తాషాలూ దగ్గర నిలబడితే చెవులు చిల్లులు పడేవే. తరాలుగా ఆ వాద్యాలు వాయించినవాళ్ల చెవులు ఎవరైనా పరీక్షిస్తే ఏం బయటపడుతుందో ఊహించడం కష్టం కాదు. తేడా ఏమిటంటే వాయించే చేతికి నొప్పి పుడుతుంది. మనిషి ఆగుతాడు, డప్పు కాచుకుంటాడు, టీ తాగుతాడు. ఆంప్లిఫయర్‌కు చెయ్యి నొప్పి లేదు. అన్నిటికంటే అన్యాయమైపోతున్నది డీజే ఆపరేటర్, అతని కింద కేబుళ్లు మోసే కుర్రాళ్లు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. సీజన్లో రాత్రి విడిచి రాత్రి అయిదారు గంటలు ఆ బాక్సుల నీడలోనే గడుపుతారు. చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు చాలా చవకగా దొరుకుతాయి, సరిగ్గా పెట్టుకుంటే 15, 20 డెసిబెల్స్ దాకా తగ్గిస్తాయి. బాక్సులకు లక్షలు పెట్టిన యజమాని ఆ ప్లగ్గుల పొట్లం ఒకటి కొనకపోవడానికి డబ్బు కారణం కాదు.

చట్టం లేదా అంటే, ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. సుప్రీంకోర్టు 2005 జులైలో ఈ నిబంధనలకు గట్టి దన్నుగా నిలబడి తీర్పు చెప్పింది. కాగితం మీద ఇన్ని ఉండగా ఊళ్లో పోలీసును పిలిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆయన వస్తాడు, "కాస్త తగ్గించండి" అంటాడు, జీపు మలుపు తిరగ్గానే పాట మళ్లీ అందుకుంటుంది. పిలిచినవాడు మాత్రం ఊరి శత్రువవుతాడు.

చేయదలుచుకుంటే చేయొచ్చని హైదరాబాద్ చూపించింది. 2024 అక్టోబరు మొదట్లో అక్కడి అప్పటి పోలీస్ కమిషనర్ సి.వి.ఆనంద్ మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధిస్తూ నోటిఫికేషన్ ఇచ్చారు. అంతకు ముందు వివిధ మతాల పెద్దలను, పార్టీల వారిని, అధికారులను కూర్చోబెట్టి మాట్లాడారు. అన్ని మతాలకూ ఒకటే మాట వర్తించడం వల్ల "మాకేనా?" అన్న ప్రశ్నకు చోటు తగ్గింది. గోదావరి జిల్లాల్లో ఇలాంటి బల్ల చుట్టూ కూర్చోబెట్టాల్సినవారు ఇంకొందరున్నారు. కల్యాణమండపాల యజమానులు, ఈవెంట్ మేనేజర్లు, సౌండ్ సిస్టమ్‌లు అద్దెకిచ్చేవాళ్లు. ఇక్కడ ఊరేగింపుల కంటే పెళ్లిళ్లు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికలకు సగటున 100 డెసిబెల్స్ గరిష్ఠ పరిమితి పెట్టింది. మన నిబంధనలతో పోలిస్తే అది చాలా ఉదారమైనది. కనీసం ఆ గీత దగ్గరైనా బాక్సులను ఆపగలిగితే, బాక్సులకూ జనానికీ మధ్య నాలుగు బారల దూరంలో తాడు కట్టించగలిగితే నష్టం ఎంతో తగ్గుతుంది. ఆరుబయట బాక్సు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు ఆరు డెసిబెల్స్ పడిపోతాయి.

ఇయర్‌ఫోన్ల విషయంలో కేంద్రం కదలకపోలేదు. 2025 ఫిబ్రవరిలో ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ రాష్ట్రాలకు, వైద్య కళాశాలలకు లేఖ రాశారు. ఇయర్‌ఫోన్లు అనవసరంగా వాడొద్దని, వాడితే 50 డెసిబెల్స్ మించకుండా, మధ్యలో విరామాలతో రోజుకు రెండు గంటలకు మించకుండా చూడాలని. ఉద్దేశం మంచిదే. కానీ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మామూలుగా మాట్లాడుకుంటేనే 60 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 50లో పాట వినాలంటే రాత్రిపూట తలుపులేసుకున్న గదిలో వినాలి. నరసాపురం ప్యాసింజర్లో కూర్చున్నవాడికి అది వినపడను కూడా వినపడదు. పాటించలేని సలహా నోటీసు బోర్డు మీద పసుపుపచ్చబడటానికే పనికొస్తుంది. 80 డెసిబెల్స్, 40 గంటల లెక్క నేర్పితే పిల్లలు కనీసం ఆలోచిస్తారు. వాళ్లకు డేటా ప్యాక్‌ను రోజూ కోటా లెక్కన వాడుకోవడం వచ్చు. చెవి కోటా అర్థం కాకపోవడానికి కారణం లేదు.

ఆ లెక్క చూపించే ఏర్పాటు ఇప్పటికే చాలా ఫోన్లలో ఉంది. ఐఫోన్లో సెట్టింగ్స్ లోపల హెడ్‌ఫోన్ సేఫ్టీ అని ఉంటుంది. ఇన్ని డెసిబెల్స్ దాటితే తగ్గించెయ్యి అని గీత గీసి పెట్టొచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్‌కు పరిమితి పెట్టి, పిన్ నంబరుతో తాళం వేసే వీలుంది. చిన్నపిల్లల ఫోన్లో ఈ పని చేయడానికి తండ్రికి రెండు నిమిషాలు పడుతుంది. ఐరోపాలో అయితే తండ్రి దాకా రానివ్వలేదు. అక్కడ 2013 నుంచి అమ్మే మ్యూజిక్ పరికరాలు, ఫోన్లు మొదటే 85 డెసిబెల్స్ దగ్గర ఆగి, ఆపైన పెంచాలంటే హెచ్చరిక చూపించాలి. మన దగ్గర సంతలో దొరికే నెక్‌బ్యాండ్ పెట్టె మీద బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో, బేస్ ఎంత గట్టిగా కొడుతుందో అట్టహాసంగా రాసి ఉంటుంది. గరిష్ఠంగా ఎన్ని డెసిబెల్స్ చెవిలో పోస్తుందో వెతికినా దొరకదు. సిగరెట్ పెట్టె మీద బొమ్మ వేయించిన ప్రభుత్వం ఈ పెట్టె మీద ఒక అంకె వేయించలేదా?

కొనేటప్పుడు చెవికి బిగువుగా అమరేవి, లేదా బయటి చప్పుడు తగ్గించే సౌకర్యం ఉన్నవి ఎంచుకుంటే మంచిదని ఫ్లిగర్ ప్రయోగమే చెబుతోంది. వాటితో రోడ్డు మీదకో పట్టాల మీదకో వెళ్తే మాత్రం ప్రాణానికే ముప్పు. డెల్టాలో పట్టాలు దాటి కాలేజీకి వెళ్లే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. ఇప్పటి కరెంటు ఇంజిన్లు డీజిల్ ఇంజిన్లలా దూరం నుంచే రొద చేయవు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం పట్టాల మీదకు అక్రమంగా ప్రవేశించడమే నేరం. చెవులు మూసుకుని ప్రవేశించడాన్ని ఏమనాలో చట్టానికి కూడా తోచి ఉండదు.

ఇంకో చిన్న సంగతి. ఉక్కబోత వాతావరణంలో చెవి తడిగా ఉండగా గంటల తరబడి బడ్స్ బిగిస్తే లోపల బూజు పడుతుంది. దురద, నొప్పి, నీరు కారడం. వెంటనే అగ్గిపుల్లో పిన్నీసో పెట్టి గుబిలి తీయడం, కాచిన కొబ్బరినూనె పోయడం ఇళ్లలో ఇంకా సాగుతున్న వైద్యాలు. రెండూ వద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేస్తే మాత్రం అది గుబిలే అనుకుని వారాలు గడపకూడదు. మొదటి కొద్ది రోజుల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లినవారికే మందులతో తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. 2024 జూన్‌లో గాయని అల్కా యాజ్ఞిక్ తన వినికిడి హఠాత్తుగా పోయిందని, వైరస్ దాడి వల్ల అలా జరిగిందని డాక్టర్లు చెప్పారని వెల్లడించినప్పుడు చాలామంది హెడ్‌ఫోన్ల వల్లే అని ప్రచారం చేశారు. ఆమె చెప్పిన కారణం అది కాదు. అయితే గట్టి సంగీతం, హెడ్‌ఫోన్ల విషయంలో జాగ్రత్త అని ఆ సందేశంలోనే ఆమె అభిమానులను, తోటి కళాకారులను హెచ్చరించారన్నదీ నిజమే.

మిగిలింది పరీక్ష. శబ్దం లేని గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా చిన్న చిన్న కూతలు వినిపించి గీత గీసే ఆడియోమెట్రీకి పట్టేది పావుగంట, ఇరవై నిమిషాలు. నష్టం మాటల దాకా రాకముందే 4,000 దగ్గర గీత కిందికి దిగడం అందులో కనిపిస్తుంది. 2006-07లో కేంద్రం మొదలుపెట్టిన చెవిటితనం నివారణ కార్యక్రమం, 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఎక్కువగా పుట్టుక లోపాల మీద, చిన్నపిల్లల చెవి జబ్బుల మీద దృష్టి పెట్టాయి. అది సరైనదే. పద్దెనిమిది దాటి, రోజుకు ఆరేడు గంటలు బడ్స్‌తో గడిపే డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లవాడు మాత్రం ఎవరి జాబితాలోకీ రాడు.

ఇక్కడ సరంజామాకు కొదవ లేదు. కాకినాడలో 1958 నాటి రంగరాయ వైద్య కళాశాల, రాజానగరంలో జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్, ఏలూరులో ఆశ్రం, 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలలు. అన్నిటిలోనూ చెవి, ముక్కు, గొంతు విభాగాలున్నాయి. ఇంకోపక్క జేఎన్‌టీయూ కాకినాడ, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయాల కింద వందల కాలేజీలున్నాయి. చేరేటప్పుడు విద్యార్థి గుర్తింపు కార్డు మీద బ్లడ్ గ్రూప్ అచ్చువేస్తున్నారు. అదే వారంలో ఒక ఆడియోగ్రామ్ తీయించి ఫైల్లో పెట్టి, చివరి ఏడాది మళ్లీ తీయించి పక్కపక్కన పెడితే, నాలుగేళ్లలో బస్సు, హాస్టల్, బడ్స్, ఫ్రెషర్స్ పార్టీ డీజే కలిసి ఏం చేశాయో విద్యార్థి కళ్లకే కనబడుతుంది. ఒక్క కాలేజీ ఒక్క బ్యాచ్‌తో మొదలుపెట్టినా చాలు. ఫ్రెషర్స్ పార్టీకి బాక్సులు అద్దెకు తెచ్చే ఖర్చులో కొంత పక్కకు తీస్తే అందుకు కొత్త బడ్జెట్ కూడా అడగనక్కర్లేదు.